వెనక చక్రానికి ఓ పాకింగ్ ముక్క

"పీఛే కుఛ్ నహీ హోతా, సాబ్." వెనక చేసేదేమీ ఉండదని. సూరత్ వీల్ అలైన్‌మెంట్ షాపుల్లో తరచూ వినే మాట ఇది. ముందు చక్రాలు సరిచేస్తారు. వెనకవాటి అంకె తెర మీద ఎర్రగా అలాగే ఉండిపోతుంది. డబ్బులు మాత్రం నాలుగు చక్రాలకూ తీసుకుంటారు.

ఆ మాట సగం నిజమే. స్విఫ్ట్, బాలెనో, ఐ20 లాంటి కార్లకు వెనక ఉండేది టోర్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాలనూ కలిపే దూలం. 1974లో వచ్చిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌తో ఇది చిన్న కార్లలో బాగా పాతుకుపోయింది. చవక, చోటు తక్కువ తింటుంది, రిపేర్లు తక్కువ. కాకపోతే ముందు టై రాడ్ తిప్పి టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మార్చినట్టు వెనక తిప్పడానికి ఏమీ ఉండదు. వానాకాలం గుంతలో ఓసారి గట్టిగా దిగి కొలత తప్పిందంటే బండి ఓరగా నడుస్తుంది, తిన్నని రోడ్డు మీదే స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. టైరు మీద అరచేయి అడ్డంగా రాసి చూడండి: ఒకవైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపంలా గీరుకుంటే టో తప్పినట్టే. పావు డిగ్రీ తేడా ఉన్నా కిలోమీటరుకు నాలుగు మీటర్లు పక్కకు ఈడ్చుకెళ్లినంత రాపిడి. దసరాకు వరంగల్ దాకా వెళ్లొచ్చే సూరత్ తెలుగువాళ్లు లెక్క వేసుకోవచ్చు.

మిగతా సగం నిజం పేరు షిమ్. మగ్గం ఒక కాలు దిగితే కింద పాకింగ్ పెట్టి లెవెల్ చేయడం సూరత్ లింబాయత్‌లో నేతపని చేసే మన పద్మశాలీలకు కొత్తేమీ కాదు. ఇదీ అదే పని. బీమ్ చివర స్టబ్ యాక్సిల్ (చక్రం తిరిగే పొట్టి ఇరుసు) బిగించే చోట, నాలుగు బోల్టుల మధ్య పెట్టే పల్చటి బిళ్ల. ఒక అంచు మందం, ఎదుటి అంచు పల్చన. తిప్పి పెట్టే దిక్కును బట్టి టో, క్యాంబర్ (చక్రం నిలువుగా కాక పక్కకు వాలి ఉండే కోణం) మారతాయి. బిళ్ల అడ్డుకొలత 100 మిల్లీమీటర్లయితే, అర డిగ్రీ సరిచేయడానికి అంచుల మధ్య తేడా 0.9 మిల్లీమీటరు చాలు. కొత్త బీమ్ ధరతో పోలిస్తే దీని ఖర్చు ఏపాటిది!

అయితే దీన్ని అన్నిటికీ మందు అనుకోకూడదు. బీమ్ కళ్లకు కనిపించేంత వంగినా, బుష్‌లు చిరిగినా ముందు వాటిని మార్చాల్సిందే. తుప్పు గీకకుండా బిళ్ల పెడితే కొలత నిలవదు. బోల్టు మరలు సరిపడా పడ్డాయా, ఏబీఎస్ సెన్సర్, బ్రేకు ఎక్కడా తగలడం లేదు కదా అని చూసుకోవాలి. కొందరు రెండు బోల్టుల కింద మామూలు వాషర్లు దూర్చి "హో గయా" అంటారు. అది షిమ్ కాదు. బరువంతా రెండు చిన్న చోట్ల మీద పడి, ఒకనాడు బోల్టు విరుగుతుంది. జాకీ వేసి బీమ్ వంచే వీరులూ ఉన్నారు, వాళ్లకు దూరంగా ఉండండి.

వెనక టైర్లు అరిగాయని కొత్తవి కొనే ముందు అలైన్‌మెంట్ చూపించండి. షిమ్ వేయించాక, పనికి ముందూ తర్వాతా తీసిన రెండు ప్రింట్లూ అడగండి. ఇవ్వనంటే ఆ షాపు మార్చండి.