అధ్యక్షుల చేవ్రాళ్లు

అమెరికా ప్రభుత్వము 1847లో తొలి తపాలాబిళ్లలను వెలువరించుటకు పూర్వమే, దేశాధ్యక్షుడు మడత జాబుపై స్వహస్తముతో పేరు వ్రాసినచో తపాలారుసుము లేకయే అది గమ్యము చేరుచుండెను. అట్టి జాబులను వెదకి, సిరా వన్నెను, కాగితపు నీటిగుర్తును, అక్షరముల వంపును భూతద్దముతో పరీక్షించి, కార్యదర్శి వ్రాతనుండి అధ్యక్షుని వ్రాతను వేరుపరచు సేకర్తల నేర్పు మిక్కిలి శ్లాఘనీయము. 1833 నాటి చట్టము భూమిపట్టాలపై అధ్యక్షుని పేరు వ్రాయుటకు కార్యదర్శికి అధికార మొసగెను గనుక, నాటి అధ్యక్షుడైన జాక్సన్ పేరున్న ప్రతి పట్టాయు జాక్సన్ వ్రాసినది కాదు. 1841లో నెలదినములు మాత్రమే పదవిలో నుండి మరణించిన విలియం హెన్రీ హారిసన్, అధ్యక్షుడుగా చేసిన సంతకము అత్యంత దుర్లభము. పాలనకంటె మృత్యువే దానికి వెల కట్టెననుట కొంత క్రూరమే. అధ్యక్షుడు కెన్నెడీ నాటికి సంతకము చేయు యంత్రమే వాడుకలోనికి వచ్చెను. రెండు సంతకములు రేఖకు రేఖ సరిపోయినచో, అవి మనుష్యహస్తమువి కావని సేకర్త గ్రహించును.