దాచుట వేఱు, దోచుట వేఱు

తాళపత్ర గ్రంథములు నేటివరకు నిలిచియుండుటకు కారణము తాటియాకు గట్టిదనము కాదు. చెదలు, తేమ, అగ్ని ఆ ఆకులను ఏనాడును విడిచిపెట్టలేదు. ఒక ప్రతి శిథిలము కాకమునుపే లేఖకుడు మఱియొక ప్రతి వ్రాసెను. ఒక యూరిలో పోయినది వేఱొక యూరిలో మిగిలెను. పెక్కు ప్రతులు, పెక్కు చోటులు: పదిలపరచు విద్యకు మూలసూత్రమిదియే. టెలివిజను కార్యక్రమములను ఇంటిలో రికార్డు చేసి డిస్కులకెక్కించు అలవాటు జపాను దేశమున విస్తారముగా వ్యాపించినది. యంత్రశిల్పము దృష్ట్యా అది మెచ్చదగినదే. కాని దానికి తగిలించిన నిబంధన ఈ మూలసూత్రమునకే విరుద్ధముగా నున్నది. ఆ వైరుధ్యము పరిశీలింపదగినది.

డి.వి.ఆర్. అనబడు రికార్డరులో ఒక హార్డ్ డిస్కు ఉండును. ప్రసారకేంద్రము నుండి వచ్చు అంకెల రూపమైన సంకేతములను అది నిలువచేయును. జపానులో భూతల డిజిటల్ ప్రసారములు 2003 డిసెంబరు 1న ఆరంభమైనవి. వానిలో నాణ్యమైన చిత్రమునకు సెకనుకు సుమారు 17 మెగాబిట్లు పట్టును. లెక్క వేసినచో గంట కార్యక్రమమునకు 7.6 గిగాబైట్లకు పైగా చోటు కావలెను. త్వరలోనే హార్డ్ డిస్కు నిండును. నిండకున్నను, కదలు భాగములుగల యంత్రము కావున ఎప్పుడో యొకప్పుడు చెడును. అందుచే విలువైన కార్యక్రమమును విడి డిస్కునకు మార్చుకొనుట వివేకము.

సామాన్యమైన డి.వి.డి.లో పట్టునది 4.7 గిగాబైట్లు మాత్రమే. చిత్రపు నాణ్యతను తగ్గించిననే గాని గంట కార్యక్రమము అందులో ఇమడదు. డి.వి.డి.కి వాడు లేసరు కాంతి తరంగదైర్ఘ్యము 650 నానోమీటర్లు. బ్లూరే డిస్కునకు వాడునది 405 నానోమీటర్లు. కాంతి తరంగము పొట్టిదైన కొలది చుక్కలను చిన్నవిగా, జాడలను దగ్గరగా వ్రాయవచ్చును. కనుక బ్లూరే డిస్కు ఒక్క పొరలో 25 గిగాబైట్లు, అనగా సుమారు మూడు గంటల కార్యక్రమము, నాణ్యత చెడకుండ నిలుచును. ఇట్టి డిస్కుపై వ్రాయు రికార్డరును సోనీ సంస్థ 2003 ఏప్రిల్‌లో జపానులో విడుదల చేసినది. ఇంతవరకు శాస్త్రజ్ఞుల పనిని తప్పుపట్టుటకేమియు లేదు.

చిక్కు తరువాత వచ్చినది. 2004 ఏప్రిల్ నుండి ప్రసారములతోబాటు 'ఒక్కసారి మాత్రమే నకలు' అను అదృశ్య సంకేతము పంపసాగిరి. హార్డ్ డిస్కుపై రికార్డయినదే ఆ ఒక్క నకలు. దానిని డిస్కునకెక్కించుట నకలు తీయుట కాదు, తరలించుట. డిస్కుపైకి చేరినది హార్డ్ డిస్కు నుండి చెరిగిపోవలెను. నడుమ విద్యుత్తు పోయినను, డిస్కుపై గీత యున్నను కార్యక్రమము రెండు చోటులను నశింపవచ్చును. కాగితముపై గ్రంథమును ఎత్తి వ్రాయుచు, వ్రాసిన పుటనెల్ల మూలమునుండి చింపివేయు లేఖకుని ఎవరైన వివేకియందురా?

ప్రేక్షకుల అసంతృప్తి ఫలితముగా 2008 జూలై 4 నుండి 'డబ్బింగ్ 10' అను సడలింపు వచ్చినది. తొమ్మిది నకళ్లు తీయవచ్చును, పదవది తరలింపు. ముగ్గురున్న కుటుంబములో ఒక్కొక్కరికి మూడేసి నకళ్లు చాలునన్న లెక్క దీనికి ఆధారము. ఇది మేలైన మార్పే. కాని ముఖ్యమైన దోషము తీరలేదు. తీసిన డిస్కు నుండి మఱియొక నకలు తీయుటకు వీలు లేదు. హార్డ్ డిస్కులోని సమాచారము సాధారణముగా ఆ రికార్డరునకే చెందిన తాళముతో గూఢలిపిలో నుండును. రికార్డరు చెడినచో హార్డ్ డిస్కు బాగుగా నున్నను వేఱొక యంత్రము దానిని చదువలేదు. ప్రతుల సంఖ్య పెరిగినది గాని, వంశము మాత్రము ఒక్క తరముతో ఆగిపోయినది.

ఇందలి వింత గమనింపదగినది. డి.వి.డి.లో ప్రతి 33,024 బైట్ల సమాచారమునకు 4,832 బైట్ల సవరణ సంకేతములు తోడుగా చేర్చబడును. 1960లో రీడ్, సోలమన్ అను గణితవేత్తలు ప్రతిపాదించిన పద్ధతియే దీనికి మూలము. డిస్కుపై గీత పడినను, ధూళి చేరినను చిత్రము చెడకుండుటకు కారణము సుమారు ఏడవ వంతు గల ఈ అదనపు సమాచారమే. డిస్కు లోపల అదనము రక్షణ అని గణితము చెప్పుచున్నది. డిస్కు వెలుపల అదనము అపరాధమని నిబంధన చెప్పుచున్నది!

ప్రసారకుల వాదమును తోసివేయరాదు. పాత టేపులలో నకలుకు నకలు తీసిన కొలది చిత్రము మసకబారెడిది. అంకెల నకలులో ఆ క్షయము లేదు; వేయవ ప్రతియు మూలమునకు సాటి. దానిని అమ్ముకొనువారివలన రచయితలకు, నటులకు నష్టము కలుగుట నిజము. కాని ఆ దోషము అమ్మకమునందున్నది, దాచుకొనుటయందు లేదు. దాచుకొన్నవారివలన ప్రసారకులకే మేలు కలిగిన సందర్భమున్నది. టేపు వెల అధికమైన కాలములో జపాను జాతీయ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. ప్రసారమైన టేపులను చెరిపి మరల వాడుకొనెను. 1963లో వచ్చిన దాని తొలి 'తైగా' చారిత్రక ధారావాహికలో చాల భాగము నేడు లేదు. ఆ లోటు పూరించుటకు ప్రేక్షకుల యిండ్లలో మిగిలిన పాత టేపులకై ఆ సంస్థయే విజ్ఞప్తి చేసినది. ఆనాడే ఈ నిబంధన యున్నచో అడుగుటకు ఏమి మిగిలియుండెడిది?

ఇప్పుడు మఱియొక సంకటము వచ్చినది. వ్రాయుటకు వీలగు బ్లూరే డిస్కుల తయారీని పానసోనిక్ సంస్థ 2023లోను, సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలోను నిలిపివేసినవి. డిస్కుల కాలము క్షీణించుచున్నప్పుడు అందలి కార్యక్రమములను క్రొత్త సాధనమునకు మార్చుకొనవలెను. ఒక్క తరముతో ఆగిన ప్రతికి ఆ దారి సులభము కాదు. ఇది జపాను వారి చిక్కు మాత్రమే కాదు. తెలుగువారి యిండ్లలోని సెట్‌టాప్ పెట్టెలలో కొన్నింటికి పెన్‌డ్రైవు తగిలించి రికార్డు చేయవచ్చును. కాని ఆ పెట్టెను మార్చిన నాడు ఆ రికార్డు పలుకకపోవచ్చును.

నిబంధన ఎట్లుండవలెనో ఊహించుట కష్టము కాదు. ఇంటివారు తమకై ఎన్ని నకళ్లైనను తీసికొనవచ్చును, పాత డిస్కు నుండి క్రొత్త సాధనమునకు మార్చుకొనవచ్చును, అమ్మినవారు శిక్షార్హులు: ఈ మూడు మాటలు చాలును. దొంగకు భయపడి ధాన్యపుగాదెకు తలుపే పెట్టనివాడు దొంగను ఆపగలిగినను, ఇంటివారిని పస్తుంచును.