ఎవరి మాట ఎంత?

అభిప్రాయాల లెక్క కట్టేటప్పుడు నాకు పొద్దుపోయేది గుణకారాల దగ్గర కాదు, పట్టిక నింపే దగ్గర. ఎవరు ఎవరి మాట ఎంత వింటారో ముందు అంకెల్లో రాయాలి. మోరిస్ డిగ్రూట్ 1974లో చూపిన పద్ధతిలో ప్రతి మనిషీ తన మాటకీ పక్కవాళ్ల మాటకీ కొంత కొంత బరువిచ్చి, సగటు తీసి, అభిప్రాయం సవరించుకుంటాడు. మళ్లీ మళ్లీ అదే పని.

ఎకరం ఎంత పలుకుతుందో ముగ్గురు అన్నదమ్ములు అంచనా వేస్తున్నారనుకోండి. పెద్దాయన 70 లక్షలంటాడు, తమ్ముళ్లిద్దరూ 35 అంటారు. తమ్ముళ్లు అన్న మాటకి సగం, సొంత మాటకి సగం విలువిస్తారు. అన్న మాత్రం పదింట ఎనిమిది పాళ్లు తనకే ఉంచుకుని తమ్ముళ్లకి చెరొక పాలు పడేస్తాడు. మొదటి విడతలో అన్న 63కి దిగుతాడు, తమ్ముళ్లు 52.5కి ఎక్కుతారు. తిప్పుతూ పోతే ముగ్గురూ 60 దగ్గర కుదురుకుంటారు. మామూలు సగటు 47 కూడా లేదు! పైగా ముగ్గురూ ఒప్పుకున్నారు కనక అదే సరైన ధరనిపిస్తుంది. గుంపు ఎంత పెరిగినా ఒకరి బరువు తరక్కపోతే ఉమ్మడి మాట నిజానికి చేరుతుందన్న భరోసా లేదని గోలబ్, జాక్సన్ 2010లో నిరూపించారు.

అసలు అన్నదమ్ములు అలా ఏకమవడం ఎక్కడ చూశాం? ఫ్రీడ్‌కిన్, జాన్సెన్ 1990లో మొండితనానికీ చోటిచ్చారు. ఎంత విన్నా, ప్రతి విడతలో మనిషి తన మొదటి మాట వైపు కాస్త లాగుతూనే ఉంటాడు. నా ఓటు ఈ లెక్కకే.

ఇక బరువులెక్కడ దొరుకుతాయి? మెసేజ్‌లు లెక్కపెట్టడం తేలికే. కానీ రోజూ గుడ్‌మార్నింగ్ పంపే బాబాయి మాట ఎవరు వింటారు? కర్ణాటకలో 213 ఊళ్లలో బెనర్జీ, డుఫ్లో బృందం ప్రయోగం చేసింది. కబురు పాకాలంటే ఎవరి చెవిన వేయాలో కొన్ని చోట్ల ఊరివాళ్లనే అడిగారు. వాళ్లు చూపినవాళ్లకి చెబితే, ఊరి పెద్దలకి చెప్పినప్పటికన్నా ఎక్కువ పాకింది. అయితే కబురు పాకడం వేరు, మనసు మారడం వేరు. అందుకని నేను ఇంకోలా అడుగుతాను: ఎవరు చెబితే మీరు మాట మార్చుకుంటారు? ‘ఎవరు చెప్పినా మారను’ అనేవాళ్లుంటారు. ఆ జవాబునీ పారేయను, మొండితనం గడిలో వేసుకుంటాను.