3.4 బతికి బయటపడినవారి సాక్ష్యం: ప్రీమో లెవీ రచనలు – విమర్శనాత్మక పరిశీలన

రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలు సుమారు 60 లక్షల మంది యూదులను చంపారు. ఈ అంకె మారణహోమం ఎంత పెద్దదో చెబుతుంది. అది ఒక్కొక్క మనిషికి ఎలా ఎదురైందో చెప్పదు. దాన్ని చెప్పేవి బతికి బయటపడినవారి కథనాలు. వాటిని ఎలా చదవాలో ఇటలీ రచయిత ప్రీమో లెవీ ఆధారంగా పరిశీలిద్దాం.

లెవీ ట్యూరిన్ నగరానికి చెందిన రసాయన శాస్త్రవేత్త. 1943 డిసెంబరులో పట్టుబడి, 1944 ఫిబ్రవరిలో ఆష్‌విట్జ్ చేరారు. తనతో రైలుపెట్టెలో వెళ్లిన 45 మందిలో నలుగురే తిరిగి ఇల్లు చూశారని రాశారు. ఆయన 1947లో ప్రచురించిన తొలి పుస్తకాన్ని పేరున్న ప్రచురణ సంస్థ ఒకటి ముందు తిరస్కరించింది. చిన్న సంస్థ 2,500 ప్రతులు వేసింది. 1958లో పునర్ముద్రణ తరువాతే అది విస్తృతంగా పాఠకులకు చేరింది. సాక్షి ఉంటే చాలదు, వినేవారూ ఉండాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

లెవీ రచనలో విలాపం తక్కువ, పరిశీలన ఎక్కువ. ఒక ఉదాహరణ చూడండి. శిబిరంలో కొత్త ఖైదీలకు చెంచా ఇచ్చేవారు కాదు. తన రొట్టె ఇచ్చి చెంచా కొనుక్కోలేనివాడు సూపును కుక్కలా నాకాల్సిందే. విముక్తి తరువాత అక్కడి గిడ్డంగుల్లో వేలాది చెంచాలు కనిపించాయి. అంటే అది కొరత కాదు, మనిషిని మనిషిగా మిగలనివ్వని పద్ధతి. ఇంత చిన్న వస్తువుతో ఒక వ్యవస్థ స్వభావాన్ని రుజువు చేయడమే ఈ రచన బలం.

మరొక అంశం. తాను బతకడాన్ని లెవీ తన గొప్పతనంగా చెప్పుకోలేదు. ప్రయోగశాలలో పని దొరకడం, లోరెంజో అనే ఇటాలియన్ తాపీమేస్త్రీ ఆరు నెలలపాటు ఆహారం తెచ్చివ్వడం, చివర్లో జ్వరం వల్ల ఆస్పత్రిలో ఉండిపోయి మరణయాత్రను తప్పించుకోవడం వంటివాటినే కారణాలుగా చూపారు. కాబట్టి దీన్ని విజయగాథగా చదివితే, తిరిగి రానివారిలో ఏదో లోపం ఉందని ఒప్పుకున్నట్లే అవుతుంది.

1986లో వెలువడిన పుస్తకంలో ఆయన ఇంకా ముందుకు వెళ్లారు. సంపూర్ణ సాక్షులు మరణించినవారే, తమవంటివారు వారి తరఫున మాట్లాడుతున్నారంతే అన్నారు. ఈ పరిమితిని సాక్షే ఒప్పుకోవడం వల్ల సాక్ష్యం విలువ తగ్గదు, పెరుగుతుంది. జ్ఞాపకంలో తేదీలు తారుమారు కావచ్చు. వాటిని పత్రాలతో సరిచూడాలి. చెంచా లేని అవమానం మాత్రం ఏ అధికార పత్రంలోనూ దొరకదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: బతికి బయటపడినవారి కథనాన్ని విజయగాథగా చదవడంలోని ప్రమాదమేమిటి? సోదాహరణంగా చర్చించండి.