గవాక్షములందు భూతార్థము

వాక్యమునఁ గాలమును దెలుపుట క్రియాపదమునకు సహజము. నామపదమునకుఁ గూడ నా శక్తిని బాణిని యొసఁగెను. పూర్వము ధనికుఁడై యిప్పుడు కానివానిని 'ఆఢ్యచరుఁ'డందుము. చరట్‌ ప్రత్యయ మొక్కటి చేరినంతనే వాని గతవైభవమును బ్రస్తుతదారిద్ర్యమును నొక్కమాటలో నిమిడిపోవును. చిత్రమున కట్టి ప్రత్యయము లేదు. రాజు నభిషేకించుచున్నట్లు వ్రాసిన పటమును జూచువానికి నభిషేకము జరుగుచున్నదనియే తోఁచునుగాని, జరిగెననియు నిఁక జరుగదనియుఁ దోఁపదు. ఒక కట్టడము పూర్వ మేయే కార్యముల కుపయోగపడెనో వానిని దాని కిటికీలయందే రంగుటద్దములతోఁ జిత్రించుట పాశ్చాత్యదేశములలోఁ గలదు. ఫ్రాన్సుదేశమందలి రీమ్స్‌ నగరపుఁ బ్రధాన క్రైస్తవాలయమున నట్టి గవాక్షములు గలవు. అవి భూతార్థమును సాధించినవా లేదా యనునదియే యిచటి విచారణ. ముద్రితచిత్రములను బట్టియే యీ విచారణ సాగుచున్నదని చదువరులు గ్రహింతురుగాక.

రంగుటద్దమనఁగా నద్దముపై రంగు పూసినది కాదు. గాజు కరఁగునపుడే లోహభస్మములు చేర్తురు. కోబాల్టువలన నీలమును, రాగివలన నెఱుపును గలుగును. ఆ గాజును ముక్కలుగాఁ గోసి సీసపుఁ గమ్ములతోఁ గూర్తురు. ముఖరేఖలు, వస్త్రపు మడతలు మొదలగువానిని నల్లని వర్ణమున వ్రాసి కొలిమిలోఁ గాల్తురు. 1924లోఁ బ్రతిష్ఠితమైన మెదకు క్రైస్తవాలయమును జూచినవారి కింతకంటె వివరింప నక్కఱలేదు. ఇట్టి చిత్రమునకుఁ బ్రాణము వెలుఁగు. ఆ వెలుఁగు దినదినమును గ్రొత్తది. కావున భూతకాలము నిందుఁ దెలుపుట గోడపైఁ దెలుపుటకంటెను గష్టతరము.

ఇప్పటి రీమ్స్‌ ఆలయమును 1211లోఁ గట్టనారంభించిరి. అంతకుముం దచ్చటనున్న యాలయములోనే 816లో లూయీ యను చక్రవర్తి కభిషేకము జరిగెను. తరువాత ఫ్రెంచిరాజులలోఁ బెక్కుర కచ్చటనే పట్టము గట్టిరి. కడపటివాఁడు పదవ షార్ల్‌. అది 1825వ సంవత్సరము. ఆలయమధ్యభాగమున నెత్తగు కిటికీలలోఁ బదుమూఁడవ శతాబ్దివారు రాజులను, వారి నభిషేకించిన ప్రధానాచార్యులను జిత్రించిరి. నాఁ డది జరుగుచున్న యాచారము. కనుక నా చిత్రములు వర్తమానార్థకములు. 1825 పిమ్మట నొక్క గాజుముక్కయైన మాఱకయే యవి భూతార్థకములయ్యెను. రూపము మాఱక యర్థము మాఱుట వైయాకరణులకుఁ గ్రొత్త గాదు. ఉన్నస్థితి కుదురనప్పుడు పూర్వస్థితి నాశ్రయింపుఁడని మనవారు చెప్పు భూతపూర్వగతి యిట్టిదే.

1974లో మార్క్‌ షగాల్‌ రచించిన గవాక్షముల సంగతి వేఱు. ఎనుబదియేండ్లు దాటిన యా యూదుచిత్రకారుఁడు వ్రాసిన రూపములను షార్ల్‌ మార్క్‌, బ్రిజిత్‌ సిమోన్‌ దంపతుల కర్మశాల గాజులోనికిఁ దెచ్చెను. తూర్పుకొనయందలి మందిరమున మూఁడు కిటికీలు. నడిమిది అబ్రాహామునకును క్రీస్తునకును సంబంధించినది. ఎడమప్రక్క యెష్షయి వంశవృక్షము. కుడిప్రక్క నీ నగరచరిత్రము. ఈ మూఁడవదియే మనకుఁ బ్రధానము. అందు క్లోవిస్‌ రాజు బాప్తిస్మము, తొమ్మిదవ లూయీ పట్టాభిషేకము, జాన్‌ దార్క్‌ తోడి యేడవ షార్ల్‌ పట్టాభిషేకము గలవు.

ఈ మూఁటికిని కట్టడముతోఁ గల సంబంధ మొక్కటి గాదు. క్లోవిస్‌ స్నానమాడినది సుమారు పదునైదువందల యేండ్ల క్రిందట. అప్పటి కీ గోడలు లేవు. లూయీకిఁ బట్టము గట్టిన 1226 నాఁటికి నిర్మాణము ముగియలేదు. 1429లో షార్ల్‌ మాత్రమే యీ యాలయమున నభిషిక్తుఁడయ్యెను. ఐనను మూఁడును దీనివే యని లోకము గ్రహించుచున్నది. ఇది స్థానివద్భావము. పాత యాలయము స్థాని, క్రొత్తది యాదేశము. స్థానికిఁ జెందు గౌరవ మాదేశమునకును జెల్లును. వర్ణము నాశ్రయించిన విధులలో మాత్ర మది చెల్లదు. అట్లే స్థలమహిమ క్రొత్త యాలయమునకు సంక్రమించెనుగాని, యీ ఱాళ్లే క్లోవిస్‌ను జూచెనని పలుకుట యపశబ్దమువంటిది. షగాల్‌ ఱాళ్లను వ్రాయలేదు. రూపములు నేలపై నిలువక నీలమునఁ దేలుచుండును. పట్టాభిషేకపుటాడంబరము పలుచనయై, చూచినదానివలెఁగాక తలఁచుకొన్నదానివలెఁ దోఁచును. ప్రత్యయము లేని భాషలో నింతకంటె భూతార్థమును దెలుపుట కష్టము.

ఇట నొక శంక. ఇతఁడు పెండ్లికూఁతును గూడఁ దేలుచున్నట్లే వ్రాయును. ఎల్లయెడల నున్న తేలుట యిచట మాత్రమే భూతార్థము నెట్లిచ్చునని. దీనికి సమాధానము: సాధారణప్రత్యయమున కర్థవిశేషమును నిర్ణయించునది ప్రకరణము. ఆలయములోని ప్రాచీనపు గాజునీలమునకు సరిపడునట్లు తన నీలమును గూర్చుటచేతనే యా ప్రకరణ మేర్పడినది. అయినను నొక దోషము గలదు. యూదావంశపు వృక్షము సరసనే ఫ్రెంచిరాజులను నిలుపుటచే నా పరంపరయు నీ పరంపరయు నేకశాఖగాఁ దోఁచి, తెగిన వంశము తెగనట్లున్నది. పారిసులో యూదుల తల్మూదు గ్రంథములను గాల్చినది 1240 ప్రాంతములలో, నీ లూయీ పరిపాలనమందే. ఆ రాజున కీ చిత్రకారుఁడు పట్టము గట్టుట చిత్రము.

1954లో జాక్‌ సిమోన్‌ రచించిన కిటికీలో ద్రాక్షతోఁటల పనియు మద్యనిర్మాణమును గలవు. అది యా సీమవారి వృత్తియేగాని యాలయపుఁ బూర్వోపయోగము గాదు. దానిని విడుచుట యుచితము.

కాని విడువరాని దొకటి గలదు. 1914 సెప్టెంబరులో నీ యాలయము వైద్యశాల యయ్యెను. గాయపడిన జర్మనుసైనికులను నేలపై గడ్డి పఱచి పరుండఁబెట్టిరి. ఆ నెల 19వ తేదీన జర్మనుగుండ్లచేఁ బరంజుకు నిప్పంటుకొని, పైకప్పు కాలి, సీసము కరఁగి పాఱెను. ఆ గడ్డియు దగ్ధమయ్యెను. మరల నాలయము తెఱచినది 1938లో. పట్టాభిషేకము భూతపూర్వమైనట్లే వైద్యశాలయు భూతపూర్వమే. ఐనను షగాల్‌ కిటికీలో రాజులకుఁ గలిగిన చోటు ఆ క్షతగాత్రులకు లేదు. చరట్‌ రాజులకు మాత్రమే విధింపఁబడలేదుగదా!

2011లో షగాల్‌ గవాక్షముల కిరువైపుల నాఱు కిటికీలను జర్మనుచిత్రకారుఁడు ఇమి క్నోబెల్‌ రచించెను. వానిలో మనుష్యరూపము లేదు; ఎఱుపు, పసుపు, నీలముల వాఁడియైన తునుకలే. పగిలిన గాజును, పగులఁగొట్టిన జాతివాఁడే మరల నతుకుటను జూచి, 1914 నాఁటి కథ యిచట ధ్వనించుచున్నదని కొంద ఱనవచ్చును. రచయిత దేశము నెఱుఁగనివాని కవి రంగులే, ఎఱిఁగినవానికిఁ గథ. నా మతమున నిది వ్యంగ్యము గాదు. వాక్యమున లేని పదమును వినువాఁడు తెచ్చిపెట్టుకొను నధ్యాహారము.