ముప్పేట పనితనం: కొల్లాజెన్ జన్యువు

ఎముకను పలచని ఆమ్లంలో నానబెట్టి అందులోని కాల్షియం ఖనిజాన్ని కరిగించేస్తే ఆకారం చెదరదు. కానీ ఎముక మెత్తబడి, వంచినట్టల్లా వంగుతుంది. అప్పుడు మిగిలినదంతా దాదాపు ఒకే ప్రోటీన్: ఒకటో రకం కొల్లాజెన్. చర్మం సాగి చిరిగిపోకుండా, కండరం లాగినప్పుడు ఎముకకు అంటిన పట్టు తెగకుండా కాచేదీ ఇదే. దీని అణువులో మూడు పేటలుంటాయి. వాటిలో రెండు ఒకేలాంటివి. వాటి నిర్మాణ సూచన 17వ క్రోమోజోమ్ మీద ఉన్న కాల్‌1ఏ1 అనే జన్యువులో ఉంది. మూడో పేటది 7వ క్రోమోజోమ్ మీది కాల్‌1ఏ2.

ముందుగా పేటను చూద్దాం. దాని నడిమి భాగంలో 1014 అమైనో ఆమ్లాలు 338 త్రికాలుగా వరుస తీరి ఉంటాయి. ప్రతి త్రికంలో మొదటిది తప్పనిసరిగా గ్లైసిన్. తరవాతి రెండు స్థానాల్లో ఎక్కువగా కనిపించేవి ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్. గ్లైసిన్‌కే ఆ స్థానం ఎందుకు? మూడు పేటలు పెనవేసుకున్నప్పుడు ప్రతి మూడో అమైనో ఆమ్లం నట్టనడుమకు వస్తుంది. అక్కడ ఒక హైడ్రోజన్ పరమాణువు పట్టేంత చోటే ఉంది. అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నదైన గ్లైసిన్‌కు పక్కగొలుసుగా ఉన్నది ఆ ఒక్క హైడ్రోజనే. ప్రోలిన్ వలయాకారం వల్ల పేట ఇష్టం వచ్చినట్టు వంగలేదు. ఎడమవైపు మెలి తిరిగి నిలుస్తుంది. అలాంటి మూడు పేటలు కలిసి కుడివైపు మెలి తిరుగుతాయి. తాడు పేనేవాళ్లు పేటకు ఒక వైపు, పేటలను కలిపేటప్పుడు ఎదురు వైపు పురి పెట్టేది ఇందుకే: ఒక పురి విడబోతే రెండోది బిగుస్తుంది. ఈ మూడు పేటల నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు.

త్రికాల క్రమశిక్షణ జన్యువులోనే కనిపిస్తుంది. జన్యువులో ప్రోటీన్ సూచన ఉన్న ముక్కలను ఎక్సాన్లు అంటారు. కాల్‌1ఏ1లో అవి 51. ముప్పేట భాగానికి చెందిన ఎక్సాన్లలో చాలావాటి పొడవు సరిగ్గా 54 అక్షరాలు: మూడక్షరాలకు ఒకటి చొప్పున 18 అమైనో ఆమ్లాలు, అంటే ఆరు త్రికాలు. మిగతావి 45, 99, 108 వంటి పొడవుల్లో ఉన్నా అన్నీ తొమ్మిదితో భాగించబడేవే. ముక్క ఎక్కడ ముగిసినా త్రికం నడుమ తెగదు.

ఇక పేనడం. 338 త్రికాలూ ఒకే మచ్చులో ఉన్నప్పుడు మూడు పేటలు ఎక్కడ పడితే అక్కడ జతకలిసే ప్రమాదం ఉంది. కణం దీనికో ఉపాయం పెట్టుకుంది. ప్రతి పేటకూ రెండు కొసల్లో వేరే ఆకారపు తోకలుంటాయి. చివరగా తయారయ్యేది కార్బాక్సీ తోక. మూడు పేటల కార్బాక్సీ తోకలు ఒకదాన్నొకటి గుర్తుపట్టి, గంధకపు బంధాలతో ముడిపడితేనే మెలిక మొదలవుతుంది. అక్కణ్ణించి రెండో కొసదాకా సాగుతుంది. మొదలుపెట్టే చోటు ఆఖరున తయారవుతుంది గనక, పేట పూర్తికాకముందే పేనడం మొదలవదు.

ఆ లోపల జరగాల్సిన పని ఒకటుంది. కొన్ని ప్రోలిన్లకు ఆక్సిజన్, హైడ్రోజన్ జంటను తగిలించి వాటిని హైడ్రాక్సీప్రోలిన్లుగా మార్చాలి. ఇది లేకపోతే ముప్పేట శరీరపు వేడికే విడిపోతుంది. ఈ పని చేసే ఎంజైమ్ నడుమ ఉన్న ఇనుమును పనికి సిద్ధంగా ఉంచేది సి విటమిన్. అది కరువైతే పేటలు గట్టిపడవు. చిగుళ్ల నుంచి రక్తం కారి, పాత గాయాలు మళ్లీ తెరుచుకునే స్కర్వీ వస్తుంది.

పేనిన అణువు పొడవు సుమారు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర. కణం దాటి బయటికొచ్చాకే ఎంజైమ్‌లు రెండు కొసల తోకలనూ కత్తిరిస్తాయి. తోకలున్నంతవరకు అణువులు పోచలుగా కూడలేవు. ఆ కట్టుబాటు లేకుంటే కణం తన పోగుల్లో తానే చిక్కుకునేది. తోకలు తెగగానే అణువులు పక్కపక్కన చేరతాయి, ఒక్కొక్కటి పక్కదానికన్నా 67 నానోమీటర్లు జరిగి. 300ను 67తో భాగిస్తే శేషం మిగులుతుంది గనక, ఒకే వరుసలో వెనకా ముందూ ఉన్న అణువుల మధ్య సందు పడుతుంది. ఎముకలో ఖనిజం చేరడం మొదలయ్యే చోట్లలో ముఖ్యమైనవి ఈ సందులే. చివరగా రాగి మీద ఆధారపడే ఎంజైమ్ ఒకటి లైసిన్ అనే అమైనో ఆమ్లాలను మార్చితే, అవి పక్క అణువులతో అడ్డబంధాలు వేసుకుంటాయి.

ఇంత పనిలో ఒక్క గ్లైసిన్ మారి అక్కడ పెద్ద అమైనో ఆమ్లం వస్తే? మెలిక అక్కడ తడబడుతుంది. ఫలితం పెళుసు ఎముకల జబ్బు. తీవ్రత ఏ చోట ఏది వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ లెక్క ఒకటి గమనించాలి. కాల్‌1ఏ1 ప్రతులు రెండింటిలో ఒకటి బొత్తిగా పనిచేయకపోతే కొల్లాజెన్ సగానికి తగ్గుతుంది, కానీ తయారైనదంతా మేలైనదే; జబ్బు సాధారణంగా తేలికపాటిది. అదే ఆ ప్రతి చెడిన పేటను తయారుచేస్తే, ప్రతి అణువుకూ ఈ పేటలు రెండు కావాలి గనక, రెండూ మంచివి పడే అవకాశం నాలుగింట ఒక వంతే. మిగతా మూడు వంతుల అణువుల్లో లోపం చేరుతుంది. అంటే ఇక్కడ కొరతకన్నా కల్తీ ప్రమాదకరం. అందుకే చెడిన ప్రతిని సరిదిద్దడమే కాక, దాని నోరు మూయించి మంచి ప్రతి ఒక్కదాన్నే పనిచేయనిచ్చే దారినీ పరిశోధకులు వెతుకుతున్నారు.