నూరు బాక్సులు

మదనపల్లె టమాటా మార్కెట్లో ఒక మండీకి కంప్యూటర్లో లెక్కల టేబుళ్లు కట్టిచ్చిన కొత్తలో జరిగింది. పుంగనూరు వైపు రైతు ఒకాయన నేనిచ్చిన కాగితం చూసి, "ఏంది సార్, నేను తోలింది నూరు బాక్సులే కదా, రెండునూర్లని ఉందే?" అన్నాడు. ఎక్కువ పడితే ఆయనకే లాభం. అయినా అడిగాడు. కిందున్న అడ్వాన్సు చూశాక ముఖం వాడిపోయింది. తీసుకున్నది 8,000, కాగితంలో 24,000.

ఆ రాత్రి కూర్చుని వరసలు ఒక్కొక్కటే చూశాను. సరుకు మూడు లాట్లుగా వచ్చింది: 20, 30, 50. అడ్వాన్సు రెండుసార్లు: 5,000, 3,000. రెండు టేబుళ్లనూ రైతు నంబరుతో కలిపేశాను. ఏ లాటుకు ఏ అడ్వాన్సో ఎక్కడా లేదు, వాటికి మధ్యనున్నది రైతొక్కడే. దాంతో కంప్యూటరు ప్రతి లాటు పక్కనా ప్రతి అడ్వాన్సునూ పెట్టింది. మూడు రెళ్లు ఆరు వరసలు. బాక్సులు రెండింతలు, బాకీ మూడింతలు. కూడికలో తప్పేమీ లేదు, తప్పంతా చుట్టరికం కలపడంలోనే. ఎడ్గార్ కాడ్ ఈ పట్టికల పద్ధతిని ప్రతిపాదించిన 1970 నాటి వ్యాసంలోనే ఇలాంటి ఉచ్చు గురించి హెచ్చరించాడు.

అప్పటినుంచి, ఈ టేబుల్లో ఒక వరస అంటే లాటా, రైతా, రోజా అని తేల్చుకోనిదే దేన్నీ కూడను. లాట్లు రైతువారీగా ముందు కూడి, అడ్వాన్సులు విడిగా కూడి, రైతుకు ఒక్కో వరస మిగిలాకే రెంటినీ కలుపుతాను.

కుప్పం రైతుల లెక్కలు కూడా చేరాక జిల్లావారీ మొత్తాల్లో ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. పుంగనూరు, కుప్పం అప్పటికి చిత్తూరులోనే ఉండిపోయాయి. ఊళ్ల టేబుల్లో మదనపల్లె పక్కన చిత్తూరు తీసి అన్నమయ్య అని మార్చానో లేదో, 2019 లాట్లు కూడా అప్పటికింకా పుట్టని జిల్లాలోకి పోయాయి. చిత్తూరు పాత మొత్తాలు తరిగిపోయాయి. మదనపల్లెకు రెండు వరసలు పెట్టాను: ఏప్రిల్ 3 వరకు చిత్తూరు, 4 నుంచి అన్నమయ్య. మళ్లీ హద్దులు జరిగితే ఇంకో వరస చేర్చడమే. అయితే లాటు తేదీ చూడకుండా ఊరి పేరుతోనే కలిపితే, ఆ రెండు వరసలూ ఒక్కో లాటును రెండుసార్లు లెక్కేస్తాయి. ఆ పాత తప్పే, ఇంకో దారిన.

ఇప్పుడు ప్రతి కాగితం అడుగున మొత్తంతో పాటు ఎన్ని లాట్లు, ఎన్నిసార్లు అడ్వాన్సు అని కూడా అచ్చు వేయిస్తున్నాను. సరుకు తోలినాయనకు అవి నోటికే వచ్చు.